నోటిమాట చాలదు, రాసి అడగండి

ఆఫీసులో ఎవరైనా మన దగ్గరికొచ్చి "మీ ప్రోగ్రాంలో బగ్ ఉంది" అంటే, మనం వెంటనే "టికెట్ ఓపెన్ చేశారా?" అని అడుగుతాం. టికెట్ లేకపోతే దానికి నంబరూ ఉండదు, గడువూ ఉండదు. పిల్లల చదువు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఈ సంగతి మరిచిపోతాం. రెండో తరగతికొచ్చినా బాబు కూడబలుక్కుని కూడా చదవలేకపోతున్నాడని టీచరుతో అంటాం. "ఇంకొన్నాళ్ళు చూద్దాం" అంటారావిడ. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు కావడం వల్లనేమో అని మనమూ సర్దిచెప్పుకుంటాం. ఏడాది గడిచిపోతుంది. ఈలోగా "నాకు చదువు రాదు" అని వాడే నిర్ణయించేసుకుంటాడు.

అమెరికాలో ఇందుకు 1975 నుంచీ చట్టం ఉంది. 1990 నుంచి దాన్ని పొట్టిగా 'ఐడియా' అంటున్నారు. దీని ప్రకారం, అర్హత ఉన్న పిల్లలకి మూడేళ్ళ వయసు నుంచి పబ్లిక్ స్కూళ్ళు తగిన చదువు ఉచితంగా చెప్పాలి. మనం హెచ్1 మీద ఉన్నామా, గ్రీన్‌కార్డు వచ్చిందా అన్నది దీనికి అడ్డు కాదు.

మొదటి పని: ప్రిన్సిపాలుకీ, జిల్లా స్పెషల్ ఎడ్యుకేషన్ విభాగానికీ ఈమెయిలు పంపండి. మీరు గమనించినవి తేదీలతో రాసి, "మా బాబుకి స్పెషల్ ఎడ్యుకేషన్ ఎవాల్యుయేషన్ చేయమని కోరుతున్నాం" అని స్పష్టంగా అడగండి. స్కూలు ఒప్పుకుంటే మీ సంతకం అడుగుతుంది. కాదంటే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. మీరు సంతకం చేశాక 60 రోజుల్లో పరీక్షలు పూర్తి కావాలి. కొన్ని రాష్ట్రాలకి సొంత గడువులున్నాయి. టెక్సస్‌లో సాధారణంగా 45 స్కూలు రోజులు. ఫలితాలు మీకు సరిగా లేవనిపిస్తే, జిల్లా ఖర్చుతో బయటి నిపుణుల చేత మళ్ళీ పరీక్ష చేయించమని కోరవచ్చు.

అర్హత తేలితే 'ఐ.ఇ.పి.' అనే ప్రణాళిక తయారుచేస్తారు. దాన్ని రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంటు చదివినట్టే చదవండి. "చదవడం మెరుగుపడుతుంది" అని ఉంటే ఒప్పుకోకండి. ఎంత, ఎప్పటికి, ఎలా కొలుస్తారు అని అడగండి. వారానికి ఎన్ని నిమిషాలు, ఎవరు చెబుతారన్నది కూడా అందులో ఉండాలి. పాఠాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేరులాంటివి అవసరమా అని ప్రతి ఐ.ఇ.పి.లోనూ పరిశీలించాలని చట్టమే చెబుతోంది. ఆ మాట మీరే ఎత్తండి. మీటింగులోనే సంతకం పెట్టెయ్యక్కర్లేదు, ఇంటికి తెచ్చుకుని చదవండి. ఇంగ్లీషులో ఇబ్బందైతే దుబాసీని ఏర్పాటు చేయమని ముందే అడగండి.

ఐడియా కింద అర్హత రాకపోయినా, 1973 నాటి మరో చట్టంలోని 504వ సెక్షన్ కింద పరీక్షల్లో అదనపు సమయంలాంటి వెసులుబాట్లు దొరకవచ్చు.

ప్రాజెక్టు మారి వేరే రాష్ట్రం వెళ్తున్నారా? ఐ.ఇ.పి. కాపీ మీ చేతిలోనే ఉంచుకోండి. కొత్త జిల్లా తన సొంత ప్రణాళిక తయారుచేసేదాకా పాతవాటితో పోల్చదగ్గ సేవలు ఇవ్వాలి. స్కూలుతో చిక్కొస్తే, ప్రతి రాష్ట్రంలోనూ తల్లిదండ్రులకి ఉచితంగా సలహా ఇచ్చే కేంద్రాలున్నాయి.

"నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారో" అన్న బెంగ మనలో చాలామందికి ఉంటుంది. ఈ కాగితాలు గోప్యంగానే ఉంటాయి. ఆ మొదటి ఈమెయిలు రాయడానికి పావుగంట చాలు. ఈ రాత్రి పిల్లలు పడుకున్నాక రాసెయ్యండి.