పంతులు జీతానికి శిలాఫలకం ఉండదు

ముంబయి గ్రాంట్ రోడ్ స్టేషన్‌లో తూర్పువైపు దిగి కామాఠీపుర గల్లీల్లోకి మళ్లితే, సర్కారు సొమ్ము ఎక్కడెక్కడ పడిందో గోడలే చెబుతాయి. వ్యాయామశాలకో ఫలకం, సమాజ మందిరానికో ఫలకం, గల్లీలో పరిచిన రాళ్లకూ ఓ ఫలకం. దాని మీద నాయకుడి పేరు, ఏ నిధి నుంచి ఇచ్చారో ఆ వివరం, ప్రారంభోత్సవం నాటి కుంకుమ మరక. 1993లో మొదలైన ఎంపీ నిధుల పథకం కింద ఇప్పుడు ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్ల రూపాయలు. అదంతా పదికాలాలు నిలిచే కట్టడాలకే ఖర్చుపెట్టాలి. జీతాలకు వాడటానికి నిబంధనలు ఒప్పుకోవు. హాలు కట్టించడం తేలిక, అందులో పాఠం చెప్పేవాణ్ని పెట్టడం కష్టం. తెలుగువాళ్లు ఉండే చాళ్లలో (వరస గదుల ఇళ్లలో) చదువు గోసంతా ఇక్కడే ఉంది.

కామాఠీపుర అనగానే బయటివాళ్లకు వేశ్యావాటిక ఒక్కటే గుర్తొస్తుంది. సినిమాలు చేసిన పుణ్యం. అసలు ఈ పేరు వచ్చింది కామాఠీలనే కూలీల వల్ల. పద్దెనిమిదో శతాబ్దం చివర హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పడ్డాక బొంబాయి దీవుల మధ్య పల్లపు నేలలు తేలాయి. ఆ నేలను పూడ్చి, రాళ్లు మోసి, ఇళ్లు కట్టిన కూలీల్లో చాలామంది నిజాం ఇలాకా నుంచి వచ్చిన తెలుగువాళ్లు. వాళ్లలో కొందరు మేస్త్రీలై, కాంట్రాక్టర్లై నాలుగు డబ్బులు వెనకేశారు.

ఆ డబ్బు ఎటు పోయిందన్నది మనవాళ్లు అంతగా చెప్పుకోని కథ. జోతిరావు ఫూలే 1873లో పుణెలో సత్యశోధక సమాజం పెడితే, బొంబాయిలో ఆయనకు వెన్నుదన్నుగా నిలిచిన వాళ్లలో వెంకూ బాలోజీ కాళేవార్, జాయా కరాడీ లింగు, రామయ్య వెంకయ్య అయ్యవారు వంటి తెలుగు పెద్దలున్నారు. 1882లో విద్యపై వేసిన హంటర్ కమిషన్‌కు ఫూలే ఇచ్చిన విజ్ఞాపన సూటిగా సర్కారు పద్దునే నిలదీసింది. ఖజానా నిండేది రైతు చెమటతో, అందులోంచి చదువుకు పెట్టే ఖర్చు మాత్రం పైకులాల పిల్లలకా అని. పన్నెండేళ్ల దాకా ప్రాథమిక విద్య తప్పనిసరి చెయ్యాలన్నారు. పెద్ద పట్టణాల్లో బడి ఖర్చు మునిసిపాలిటీలు భరించాలన్నారు. పన్ను కట్టేదెవరు, పంతుల్ని పొందేదెవరు అన్న ఆ ప్రశ్న ఈ గల్లీల్లో ఇంకా పాతబడలేదు.

బొంబాయిలో మునిసిపాలిటీ బడి భారం ఎత్తుకున్న తీరు కూడా విచిత్రమే. 1907లో ఒక ఇచ్చిపుచ్చుకోవడం జరిగింది. నగర పోలీసుల ఖర్చు సర్కారు తన నెత్తిన వేసుకుంది, బదులుగా ప్రాథమిక విద్య, వైద్యం కార్పొరేషన్‌కు అప్పగించింది. లాఠీ వాళ్లకు, పలక వీళ్లకు. 1920లో నగరానికి నిర్బంధ విద్య చట్టం వచ్చింది. దాన్ని 1925లో మొదట అమలుచేసింది ఎఫ్, జీ వార్డుల్లో, అంటే పరేల్, వర్లీ మిల్లుల వైపు. మగ్గం పనితో వచ్చిన పద్మశాలీల పిల్లలు ఆ వైపున్నారు. కామాఠీపుర ఉన్నది 'ఈ' (E) వార్డులో. ఇక్కడి కూలీల పిల్లలకు అప్పటికి ఆ వంతు రాలేదు.

ఇప్పుడు డబ్బుకు కరువని ఎవరూ అనలేరు. 2025-26కు ముంబయి కార్పొరేషన్ (బీఎంసీ) విద్యా బడ్జెట్ దాదాపు 3,955 కోట్లు. ఎనిమిది భాషల్లో బడులు నడుపుతోంది, వాటిలో తెలుగొకటి. బూట్ల నుంచి సంచీ దాకా 27 రకాల వస్తువులు పిల్లలకు ఉచితం. ఇక్కడ ఒక షాపు ఆస్తిపన్ను బిల్లు చూడండి. నీటి పన్ను, వీధి పన్ను, చెట్ల సెస్ వరసలో రెండు గడులున్నాయి. ఒకటి మునిసిపల్ విద్యా సెస్, రెండోది రాష్ట్ర విద్యా సెస్. రెండోది 1962 చట్టం కింద వసూలై రాష్ట్ర ఖజానాకు పోతుంది. ప్రాథమిక విద్య ఖర్చులో తన వాటాగా రాష్ట్రం బీఎంసీకి గ్రాంటు ఇవ్వాలి. ఆ బకాయి వేల కోట్లకు చేరిందని కార్పొరేషన్ ఏటా మొత్తుకుంటూనే ఉంటుంది. పన్ను ఎగ్గొడితే షాపుకు నోటీసు వస్తుంది. సర్కారుకు నోటీసు ఎవరిస్తారు?

అయినా బడ్జెట్ అంకెలు చూసి మురిసిపోవడం గానీ బకాయిలు చూసి ఏడవడం గానీ నాకు సగం మాటే అనిపిస్తుంది. తెలుగు బడి చిక్కిపోతున్నది డబ్బు లేక కాదు, తలల లెక్క వల్ల. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతి కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలని రాజ్యాంగం 350ఏ అధికరణంలో ఉంది. 1956లో చేర్చారు. కానీ పంతులు పోస్టు మంజూరయ్యేది ఆ అధికరణం చూసి కాదు, హాజరు పట్టీ చూసి. ప్రాథమిక తరగతుల్లో 30 మంది పిల్లలకు ఒక టీచర్ అన్నది విద్యాహక్కు చట్టం కొలత. పిల్లలు తగ్గితే పోస్టు పోతుంది. పోస్టు పోతే ఒకే టీచర్ రెండు మూడు తరగతులు కలిపి చూసుకుంటారు. అది చూసిన తల్లి వచ్చే ఏడు పిల్లాణ్ని ఇంగ్లీషు మీడియంలో వేస్తుంది. పైగా ఏడో తరగతితో ఆగిపోయే మునిసిపల్ బడులు చాలా ఉన్నాయి. ఎనిమిదికి ఎటూ మీడియం మార్చాల్సినప్పుడు, ఒకటిలోనే మారుస్తే పోలేదా అంటుంది ఆ తల్లి. ఆమెది భాషాద్రోహం అని సభల్లో ఉపన్యాసాలు దంచే పెద్దమనుషుల్లో తమ పిల్లల్ని తెలుగు బడికి పంపినవాళ్లెందరో ఎప్పుడూ చెప్పరు.

కాలేజీల సంగతి వేరు. వ్యాపారం, ఉద్యోగం ఉన్న సమాజాలు ముంబయిలో ట్రస్టులు పెట్టుకున్నాయి. దక్షిణాది ఉద్యోగులు 1932లోనే సౌత్ ఇండియన్ ఎడ్యుకేషన్ సొసైటీ కట్టుకున్నారు. దేశవిభజనలో ఇల్లూ వాకిలీ వదులుకొచ్చిన సింధీలు కె.సి. కాలేజీ నిలబెట్టారు. భాషా అల్పసంఖ్యాక హోదా ఉన్న కాలేజీలో తమవాళ్లకు సీట్లు కేటాయించుకునే వీలుంది. మనకు దాదర్‌లో ఆంధ్ర మహాసభ ఉంది, ఉగాదికి కళకళలాడుతుంది. కానీ ఖోలీలో బీడీలు చుట్టే ఇల్లాలికి, సున్నం కొట్టే కూలీకి కాలేజీ పెట్టే తాహతు ఎక్కడిది? వాళ్ల ట్రస్టు సర్కారే.

ఇప్పుడు అసలు పరీక్ష ముంగిట్లోకి వచ్చింది. కామాఠీపురలోని తొమ్మిది వందలకు పైగా పాత సెస్ భవనాలను (మరమ్మతు సెస్ కట్టే అద్దె ఇళ్లను) ఒక్కచోట కూల్చి కట్టేందుకు రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా 2025లో టెండర్లు పిలిచింది. పగడీ (పాత అద్దె హక్కు) ఖోలీకి, అంటే గదికి బదులు 500 చదరపు అడుగుల ఫ్లాటు అంటున్నారు. సంతోషమే. గల్లీలో ప్రతి నోటా ఫ్లాటు కొలతే, ఎన్నో అంతస్తు, లిఫ్టు ఖర్చెంత అనే. బడి మాట ఎత్తేవాళ్లు తక్కువ. కూల్చివేత మొదలైతే చాళ్ల జనం అద్దె దొరికిన చోటికి, భివండీకో విరార్‌కో చెదిరిపోతారు. కట్టడానికి ఏళ్లు పడుతుంది. మహారాష్ట్రలో టీచర్ పోస్టులకు పిల్లల లెక్క చూసే తేదీ సెప్టెంబరు 30. ఆ ఏళ్లలో ఆ తేదీన తెలుగు తరగతిలో ఎందరు మిగులుతారో ఊహించడం కష్టం కాదు. అందుకే కొత్త ఇళ్లు పూర్తయ్యేదాకా ఇక్కడి తెలుగు పోస్టులను పాత లెక్క మీదే కొనసాగిస్తామని, ఏడు దగ్గర కాకుండా పది దాకా తరగతులు పెడతామని సర్కారు చేత కూల్చివేత మొదలవకముందే రాయించుకోవాలి. ఫ్లాటు ఒప్పందం మీద సంతకాలయ్యాక ఈ గల్లీల మాట వినాల్సిన అవసరం ఎవరికీ ఉండదు.