కండ కరగకుండా పరుగు!

పది కిలోమీటర్ల పందెం అనగానే జిమ్ కుర్రాళ్లు వెనకాడతారు. పరిగెడితే కష్టపడి పెంచిన కండ కరిగిపోతుందని భయం. అందులో కొంత నిజముంది. 1980లో అమెరికా పరిశోధకుడు రాబర్ట్ హిక్సన్ కొందరితో వారానికి 5 రోజులు బరువులు ఎత్తించి, 6 రోజులు పరుగు, సైకిలు సాధన చేయించాడు. ఏడు వారాలదాకా పెరిగిన బలం పదో వారానికి తగ్గింది. చిక్కంతా మోతాదులోనే ఉంది.

సోమందేపల్లెలాంటి ఎండలసీమలో తెల్లారకముందే పరుగు, సాయంత్రం బరువులు మేలు. వారానికి మూడు పరుగులు చాలు. కాళ్ల వ్యాయామం చేసిన మర్నాడు దూరం పరిగెత్తకండి. పందెం వారంలో బరువులు తగ్గించండి. తిండి మాత్రం తగ్గించకండి. ఖరీదైన పొడి డబ్బాలే కొననక్కర్లేదు. మన చేలల్లో పండే వేరుశనగ వంద గ్రాములు తింటే పాతిక గ్రాముల మాంసకృత్తులు అందుతాయి. రాగిసంగటి, పప్పు, గుడ్డు తోడైతే పరుగుకూ కండకూ లోటుండదు.