రాత్రి పూచే స్తంభ కాక్టస్ – డెల్టా నేలలో దాని పెంపకం



కంకిపాడు పక్కన వరి, చెరకు పండించుకునే మనకు ముళ్ళమొక్క మీద ప్రసంగమేమిటని మీరు నవ్వుకోవచ్చు. కాని పెరట్లో నిలువుగా స్తంభంలాగా ఎదిగే కాక్టస్‌ను పెట్టుకొని, నాలుగైదేళ్ళు చూచి, పువ్వన్నది రాకపోయేసరికి గొడ్డలి తీసేవారు ఉంటారు. వారికి ముందుగా చెప్పేది ఒకటే. తొందరపడి కొట్టవద్దు. ఆ చెట్టు ఏదో, దానికి కావలసినదేమిటో తెలుసుకోండి.

మొదట గుర్తుపట్టడం. మన గట్లమీది బొంతజెముడు కూడా చూపుకు ఇలాగే పలకలు దేరి ఉంటుంది. దాన్ని కాస్త గీరితే తెల్లని పాలు కారతాయి. అలా పాలు కారేది ఈ జాతి కాదు. ఎంతకాలం కాచుకున్నా ఆ పెద్ద పువ్వు రాదు. పైగా ఆ పాలు కంట పడితే ప్రమాదం. పిల్లలను దగ్గరకు రానీయకూడదు. స్తంభ కాక్టస్‌కు పలకల అంచున వరుసగా దూదిపింజ అంటించినట్లు చిన్న చిన్న కణుపులుంటాయి. ముళ్ళు అక్కడినుంచే, మొగ్గ కూడా అక్కడినుంచే. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా. శాస్త్రంలో దీని పేరు ‘సీరియస్’. లాటిన్ భాషలో ఆ మాటకు మైనపు వత్తి అని అర్థం. నిలువెత్తు ఆకారాన్ని చూస్తే ఆ పేరు ఎందుకు వచ్చిందో తెలుస్తుంది.

ఇంతకూ ఇది రాత్రే ఎందుకు పూస్తుంది? పుట్టినచోట దీని పుప్పొడిని మోసేవి రాత్రి తిరిగే పెద్ద చిమ్మెటలు. చీకట్లో కనబడాలి గనుక పువ్వు తెలుపు. దూరానికి తెలియాలి గనుక వాసన. అసలు ఈ మొక్క బతుకే రాత్రి బతుకు. వరి మొక్క పగలు ఆకు రంధ్రాలు తెరిచి గాలి పీలుస్తుంది. ఆ దారినే నీరు ఆవిరైపోతుంది. మెట్టసీమ మొక్కకు అంత ఖర్చు భరించే శక్తి లేదు. కనుక పగలు తలుపులు మూసుకొని, రాత్రి చల్లబడ్డాక తెరిచి, బొగ్గుపులుసు వాయువును పీల్చి దాచుకుంటుంది. తెల్లవారి ఎండ రాగానే దానితో ఆహారం తయారుచేసుకుంటుంది.

మన చిక్కు ఎండతో కాదు, నీటితో. డెల్టా నల్లమన్ను తడిస్తే ఒక పట్టాన ఆరదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ పేటలు నీళ్ళలో నానిన సంగతి మీకు తెలిసినదే. అలా నిలిచిన నీటిలో వరి కొన్నాళ్ళయినా ఓర్చుకుంటుంది. కాక్టస్ వేరు ఓర్చుకోదు. పైకి పచ్చగానే ఉంటూ, మొదట్లో మెత్తబడి, ఒకనాడు ఒరిగిపోతుంది. ఆ పాటికి మొదలు పనికిరాదు. కుళ్ళు అంటని పై ముక్కను కోసుకొని మళ్ళీ నాటుకోవడమే మార్గం.

కాబట్టి పల్లంలో నాటవద్దు. అడుగున్నర ఎత్తు దిబ్బ పోసి, అడుగున ఇటుక ముక్కలు పరచి, దానిమీద మట్టి ఒక పాలు, ముతక ఇసుక రెండు పాళ్ళు, బాగా చివికిన ఎరువు ఒక పాలు కలిపి వేయండి. తొట్టిలో అయితే అడుగున చిల్లులు తప్పనిసరి. ముక్క నాటడానికి మాఘ, ఫాల్గుణాలు మంచివి. అడుగు పొడుగు ముక్క కోసి, వెంటనే పాతిపెట్టకుండా, నీడలో రెండు వారాలు ఆరనివ్వాలి. కోసినచోట పొక్కు కట్టిన తరువాతనే పొడి ఇసుకలో నిలబెట్టాలి. వారం దాకా నీరు పోయకూడదు. వేరూనిన తరువాత మంచి ఎండలో ఉంచాలి, కాని ఒక్కసారిగా కాదు, కొంచెం కొంచెంగా అలవాటు చేయాలి. వేసవిలో మట్టి పూర్తిగా ఎండినప్పుడే నీరు. వానాకాలంలో అసలు వద్దు. యూరియా కుమ్మరిస్తే కండ పెరిగి మెత్తబడుతుందే గాని పువ్వు రాదు. ఒళ్ళంతా నీరున్న చెట్టు గనుక బరువు ఎక్కువ. తుపాను రోజులకు ముందే గట్టి వెదురుకు కట్టండి.

ఇక ఎదురుచూపు. గింజనుంచి పెంచితే ఏళ్ళు పడుతుంది. పూతకు వచ్చిన చెట్టు ముక్క నాటితే త్వరగా పూస్తుంది. నీడలో ఉన్నది పూయనే పూయదు. కణుపు దగ్గర గుండ్రని బుడిపె కనబడి, రోజురోజుకూ పొడుగవుతూ ఉంటే అది మొగ్గ. ఆ రోజుల్లో తొట్టిని కదల్చరాదు, నీరు అతిగా పోయరాదు, పూర్తిగా ఎండనీయరాదు, మొగ్గ రాలిపోతుంది. కాడ సాగి, మొగ్గ కొన ఉబ్బి తెల్లగా విచ్చుకోబోతున్నట్లు కనబడిన సాయంత్రం ఇంటిల్లిపాదికీ చెప్పి ఉంచండి. పొద్దుగూకాక విచ్చడం మొదలై, రాత్రి పొద్దుపోయేసరికి పూర్తిగా విప్పారి, తెల్లవారేసరికి వాలిపోతుంది. ఒక్కరాత్రి పువ్వు! బ్రహ్మకమలమని మనవాళ్ళు ఇళ్ళలో పెంచుకునేది కూడా ఈ కుటుంబంలోదే. హిమాలయాల్లోని అసలు బ్రహ్మకమలం వేరు.

కాయ కావాలంటే మరొక మాట. ఒకే తల్లిచెట్టు ముక్కలు పది నాటినా అవి ఒక్క చెట్టు కిందే లెక్క. ఒకదాని పుప్పొడి మరొకదానికి పనిచేయదు. వేరు వేరు గింజల చెట్లు రెండుండి, ఒకేరాత్రి పూస్తే, మెత్తని కుంచెతో పుప్పొడి అటూ ఇటూ అద్దవలెను.

చివరగా డబ్బు సంగతి. మార్కెట్లో మీరు చూసే డ్రాగన్ పండు కూడా రాత్రి పూచే కాక్టస్ కాయే. అది స్తంభంలాగా నిలబడదు. సిమెంటు స్తంభానికి పాకుతుంది. స్తంభాలకు, మొక్కలకు పెట్టుబడి ముందే పెట్టాలి. పక్క మడిలో వరి ఉండి నీరు ఊరే చేనులో ఎకరమంతా ఒక్కసారిగా పాతితే, ఆ పెట్టుబడి నీళ్ళపాలే. పది స్తంభాలు ఎత్తయిన చోట పాతి, రెండు వానాకాలాలు దాటనిచ్చి, ఉద్యాన శాఖవారిని సంప్రదించి, తరువాత ముందుకు సాగండి.

వరికి నీరు పెట్టడం మనకు తాతలనాటినుంచీ తెలుసు. నీరు పెట్టకుండా ఉండటమే ఈ మొక్క దగ్గర నేర్చుకోవలసిన సేద్యం. సెలవు.