రచ్చబండ మీది సాక్ష్యము

2006 ఫిబ్రవరి 2వ తేదీన మా అనంతపురము జిల్లా నార్పల మండలమందలి బండ్లపల్లిలో నాటి ప్రధానమంత్రి మన్మోహన్‌సింగు జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకమును ప్రారంభించినప్పుడు, ఇంతటి చట్టమునకు మా కరువునేలయే తొలిగడప యయ్యెనుగదా యని మావారెల్లరును గర్వించిరి. అయితే ఆ పథకపు పనులను సామాజిక తనిఖీ చేయు అధికారమును గ్రామసభకే అప్పగించిన 17వ సెక్షను మున్ముందు తమచేత ఎంతెంత పలికింపనున్నదో వారు అంతగా ఎరుగరు. ఆ యేడే, రాజస్థానములో ఈ విద్యకు ఒరవడి దిద్దిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటనవారి తోడ్పాటుతో, స్వచ్ఛంద కార్యకర్తలు జిల్లాలో పాదయాత్ర సాగించి, కూలీల హాజరుపట్టీలను (మస్టర్ రోళ్లను) ఊరూర చదివి వినిపించిరి.

సెలవుకు ఇంటికి వచ్చియుండిన నేను మా ఊరి రచ్చబండకడ ఆ చదువును వింటిని. చెరువు పూడిక తీసినందుకు ఆరు దినముల కూలి ముట్టినట్లు ఒక అవ్వ పేరు చదువగానే ఆమె లేచి, "ఆ వారమంతా కదిరిలో మా పాప కాన్పు కాడ ఉంటి కదా సామీ, నేనెప్పుడు మన్ను మోస్తి?" అని అడిగి, కొంగుముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన ఆసుపత్రి చీటీని తీసి చూపెను. చీటీపైని తేదీని హాజరుపట్టీలోని తేదీతో సరిచూచి కార్యకర్త పెన్సిలుతో సున్న చుట్టినంతసేపు అక్కడ ఎవరును మాటాడలేదు. లెక్కల తనిఖీయే వృత్తిగా గల నాకు అంతటి బలమైన సాక్ష్యము మరల కానరాలేదు. అట్టి సభలలో అలవడిన పద్ధతియే 2009లో రాష్ట్రమున ప్రత్యేక సంస్థగా రూపుదాల్చి, 2011లో కేంద్రము చేసిన సామాజిక తనిఖీ నిబంధనలకు దారి చూపెనని చెప్పుకొనుట మా జిల్లావారికి చెల్లును.

ఈ సంచిక సంపాదకులు నన్ను వ్రాయుమన్నది యూరపు విధానరచనలో పౌరసమాజపు పాత్రనుగూర్చి; ఆ రచ్చబండ పాఠమే ఇచ్చటను పనికివచ్చును గనుక దానితో మొదలిడితిని. 2009 డిసెంబరు 1న అమలులోనికి వచ్చిన లిస్బన్ ఒప్పందపు ఫలితముగా, యూరోపియన్ యూనియన్ సంస్థలు పౌరసంఘములతో బాహాటముగను క్రమము తప్పకను సంభాషింపవలెనని మూల ఒప్పందపు 11వ అధికరణము విధించుచున్నది. పది లక్షలమంది పౌరులు, కనీసము ఏడు సభ్యదేశములనుండి, చేవ్రాలు చేసినచో ఒక విషయమున చట్టము ప్రతిపాదింపుమని యూరోపియన్ కమిషన్‌ను కోరవచ్చును. అయితే ఆ చేవ్రాలు యూనియన్ పౌరులకే చెల్లును. భారత పాస్‌పోర్టుతో యూరపులో నివసించు మనకు చెల్లదు. యూరోపియన్ పార్లమెంటుకు పిటిషను పెట్టుకొను హక్కు మాత్రము సభ్యదేశములలో నివసించువారందరికిని కలదు. కమిషన్ అభిప్రాయసేకరణకు బదులు వ్రాయుటకును పౌరసత్వపు అడ్డు లేదు.

ఆ బదులు వ్రాయుటలోనే నా చేయి కాలినది. కొన్నేండ్ల క్రిందట వలస ఉద్యోగుల అనుమతులపై అభిప్రాయములు కోరినప్పుడు, మన తెలుగు సంఘపు సభ్యులకు శ్రమ తగ్గింపనెంచి నేనొక చక్కని ఉత్తరము కూర్చి, రెండువందలమందికి పంపి, పేరు మాత్రము మార్చి సమర్పింపుడని చెప్పితిని. రెండువందల గొంతులు లేచినవని సంతోషించితిని. ఒకేమాదిరి వచ్చిన బదులులను కూడగట్టిన ప్రచారముగా గుర్తించి, విడిగా చేర్చి పరిశీలించుట కమిషన్ పద్ధతియని నాకు తరువాతనే తెలిసినది. కుటుంబమును రప్పించుకొనలేక ఏండ్లు గడపిన ఒక అన్నగారి గోడును, చదివిన చదువుకు గుర్తింపు దొరకక వంటయింటికే పరిమితమైన ఒక అక్కగారి గోడును నా వాక్యములక్రింద పూడ్చివేసినవాడను నేనే. గడువు సాధారణముగ పండ్రెండు వారములుండును. ఎవరి మాట వారు వ్రాసికొనుటకు అది చాలును. మరియొక జాగ్రత్త కలదు: పేరు ప్రచురింపవలదని కోరుకొన్నను, వ్రాసిన పాఠము బయటపడును గనుక, అందులో అనుమతిపత్రపు సంఖ్యయు, యజమాని పేరును, బిడ్డల పాఠశాలయు దొరలకుండ సమర్పించుటకు ముందు మరియొకసారి చదువుకొనవలెను.

ఇకమీదట మొదట తెలుగుననే చెప్పుకొందము, అనువాదము తరువాత చూచుకొందము. కష్టమును చెప్పు మాట మాతృభాషలోనే తేదీతోను, చోటుతోను వచ్చును. ఇచ్చటి పౌరసత్వముతో పెరుగుచున్న మన పిల్లలు రేపు మనము చేయజాలని చేవ్రాలు చేయగలవారు. అవ్వతాతల నోటి లెక్కలను, కరువు కథలను వారికిప్పుడే వినిపింపుడు. నిలదీసి అడుగుట మన పల్లెల సొత్తేనని వారెరుగవలెను.

గత శీతకాలము కమిషన్ మరల అభిప్రాయములు కోరినప్పుడు మా యింటి భోజనపుబల్లచుట్టు మూడు ఆదివారములు కూర్చుంటిమి. ధర్మవరపు చెల్లెలొకామె తన భర్త అనుమతి రాకకై నిరీక్షించిన దినములను గోడ క్యాలెండరుపై గుర్తువేసియుంచి, పండ్రెండు నెలల పుటలను చుట్టగా చుట్టి తెచ్చినది. పదునొకండు బదులులు పంపితిమి. ఒకదానికొకటి పోలిక లేదు.