పాచిక మనదే, రూల్ ఎవరిది? ఆన్‌లైన్ డీ అండ్ డీలో ఆటోమేషన్ మీద కంపెనీ గీసిన గీత

పెనుమూడి నుంచి మళ్ళీ మీ ముందుకొచ్చా. ఇవాళ్టి ప్రశ్న వినడానికి చిన్నదే. ఒక ఆట రూల్స్ పుస్తకంలో అచ్చయి ఉన్నాయి. ఆ రూల్స్ ప్రకారం మీరు చేత్తో లెక్కలేసుకుని ఆడితే ఎవరూ ఏమీ అనరు. అదే లెక్క మీ బదులు కంప్యూటర్ వేస్తే, పుస్తకం అచ్చేసిన కంపెనీ "ఆగండి, ఇది కుదరదు" అనొచ్చా?

అనొచ్చో లేదో తర్వాత చూద్దాం. అన్నారు మాత్రం నిజం. 2023 జనవరిలో అన్నారు, ఎనిమిది రోజుల్లో వెనక్కి తగ్గారు. ఆ కథలో గేమర్స్‌కి ఎంత ఉందో, కోడ్ రాసే మనలాంటి వాళ్ళకీ అంతే ఉంది. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు ఆట ఏంటో చూద్దాం

డంజన్స్ అండ్ డ్రాగన్స్, షార్ట్‌గా డీ అండ్ డీ. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చారు. మామూలుగా ఎవరైనా కథ చెప్తే మనం ఊ కొడతాం కదా. ఇక్కడ ఊ కొట్టేవాళ్ళే కథలో పాత్రలు. ఒకరు కథ నడుపుతారు, ఆయన్ని డంజన్ మాస్టర్ అంటారు. మిగతావాళ్ళు ఒక్కో పాత్ర తీసుకుని "నేను తలుపు బద్దలు కొడతా", "నేను మంత్రం వేస్తా" అంటుంటారు. అది జరిగిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. ఎక్కువగా వాడేది ఇరవై ముఖాల పాచిక.

మా గ్యాంగ్ బీటెక్ అయ్యాక తలో దిక్కుకి పోయింది. ఒకడు హైదరాబాద్, ఒకడు డాలస్, ఒకమ్మాయి తెనాలి, నేను ఇక్కడ. శనివారం రాత్రి మాకు తొమ్మిదయితే డాలస్ వాడికి పొద్దున పదిన్నర. ఒకే బల్ల చుట్టూ కూర్చునే ఛాన్సే లేదు. మాలాంటి వాళ్ళ కోసమే వర్చువల్ టేబుల్‌టాప్ అనే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. 2004 నుంచి ఫాంటసీ గ్రౌండ్స్, 2012 నుంచి రోల్20, 2020 నుంచి ఫౌండ్రీ. స్క్రీన్ మీద మ్యాప్, దాని మీద మన బొమ్మలు, పక్కన పాచికలు.

ఇప్పుడు లెక్క దగ్గరికి వద్దాం. మాంత్రికుడు ఐదుగురు గాబ్లిన్ల మీద ఫైర్‌బాల్ వేశాడు. ఆరు ముఖాల పాచికలు ఎనిమిది వేసి కూడాలి. తర్వాత ఒక్కో గాబ్లిన్‌కీ ఇరవై ముఖాల పాచిక వేసి, దాని చురుకుదనం కలిపి, టార్గెట్ నంబర్ దాటిందా చూడాలి. దాటితే సగం దెబ్బ, దాటకపోతే మొత్తం. తర్వాత ఒక్కో దాని ప్రాణం నుంచి తీసేయాలి. చేత్తో చేస్తే "ఒరేయ్, తేలిందా లేదా, నాకు నిద్రొస్తోంది" అని తెనాలి నుంచి కేక వినపడుతుంది. ఫౌండ్రీలో సరైన మాడ్యూల్ పెట్టుకుంటే ఒకటి రెండు క్లిక్కుల పని.

ఈ ఆటోమేషన్‌కి మెట్లున్నాయి. మొదటి మెట్టు, ఖాళీ మ్యాప్. రెండోది, పాచిక వేసిపెట్టడం. మూడోది, క్యారెక్టర్ షీట్‌లో కూడికలు చేయడం. నాలుగోది, తగిలిందో లేదో తేల్చి దెబ్బ కూడా తనే తీసేయడం. ఐదోది, నిప్పుల బంతి స్క్రీన్ మీద ఎగురుతూ వెళ్ళి పేలడం. కంపెనీ ఎప్పుడు గీత గీసినా ఈ మెట్లలో ఏదో ఒక దాని దగ్గరే గీసింది.

గీత ఎక్కడెక్కడ గీశారు

డీ అండ్ డీ ఇప్పుడు విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే కంపెనీది. దాని ఓనర్ హాస్‌బ్రో, బొమ్మల కంపెనీ. 2000లో విజార్డ్స్ ఓపెన్ గేమ్ లైసెన్స్ ఇచ్చింది, ఓజీఎల్ అంటారు. రూల్స్‌లో ప్రధాన భాగాన్ని ఒక డాక్యుమెంట్‌గా పెట్టి, "దీని మీద మీరూ పుస్తకాలు రాసుకుని అమ్ముకోండి" అంది. ఆ డాక్యుమెంట్ పేరు ఎస్ఆర్‌డీ. ఓజీఎల్ షరతులు పాటిస్తే సాఫ్ట్‌వేర్ కూడా చేసుకోవచ్చని అప్పట్లో వాళ్ళ వివరణలోనే ఉంది.

అయితే అప్పుడే ఇంకో లైసెన్స్ కూడా ఉంది. కవర్ మీద డి20 లోగో వేసుకోవాలంటే అది ఒప్పుకోవాలి. అందులో "ఇంటరాక్టివ్ గేమ్" కుదరదు అన్నారు. దానికిచ్చిన నిర్వచనం చూస్తే ప్రోగ్రామర్‌కి నవ్వొస్తుంది. ఆటగాడి దగ్గర ఇన్‌పుట్ తీసుకుని, రూల్స్ వాడి గెలుపోటములు తేల్చి, ఫలితం తిరిగి చూపించే సాఫ్ట్‌వేర్ అట. సరిగ్గా మన నాలుగో మెట్టు. 2008లో నాలుగో ఎడిషన్‌తో వచ్చిన లైసెన్స్ ఇంకా బిగించింది. వెబ్‌సైట్లు, ఇంటరాక్టివ్ ప్రాడక్టులు, క్యారెక్టర్ తయారుచేసే టూల్స్ అన్నీ బయటే. అది చాలామందికి నచ్చలేదు. 2009లో పైజో అనే కంపెనీ పాత ఓజీఎల్ మీదే పాత్‌ఫైండర్ అనే సొంత ఆట తెచ్చి గట్టి పోటీ ఇచ్చింది. విజార్డ్స్ 2016లో ఐదో ఎడిషన్ రూల్స్‌ని మళ్ళీ ఓజీఎల్ కిందే పెట్టింది.

ఇక 2023. జనవరి 5న గిజ్మోడో సైట్‌లో ఒక లీక్ వచ్చింది. కొత్త ఓజీఎల్ 1.1 వస్తోందట, పాతది చెల్లదట. కొత్తది అచ్చు పుస్తకాలకీ, పీడీఎఫ్ లాంటి కదలని ఫైళ్ళకీ మాత్రమే. వర్చువల్ టేబుల్‌టాప్‌లు ఆ లైసెన్స్‌లోనే లేవు. ఏడాదికి 7,50,000 డాలర్లు దాటి సంపాదించేవాళ్ళు, ఆ దాటిన మొత్తం మీద 25 శాతం దాకా కట్టాలి. జనం మండిపడ్డారు. కంపెనీ సొంత సైట్ డీ అండ్ డీ బియాండ్‌కి సబ్‌స్క్రిప్షన్లు రద్దు చేసుకోమని పిలుపులిచ్చారు, చాలామంది రద్దు చేసుకున్నారు.

జనవరి 19న ఇంకో డ్రాఫ్ట్ వచ్చింది, 1.2. దాంతో పాటు వర్చువల్ టేబుల్‌టాప్‌ల మీద విడిగా ఒక పాలసీ. దాని సారాంశం ఏంటంటే, మీ ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర ఏం జరుగుతుందో అదే స్క్రీన్ మీద చేస్తే ఓకే. లెక్కలు వేసుకోవచ్చు, దెబ్బ ఆటోమేటిక్‌గా తీసేయడమూ ఓకే. కానీ మ్యాజిక్ మిస్సైల్ అనే మంత్రం స్క్రీన్ మీద దూసుకెళ్ళి తగిలే యానిమేషన్ పెడితే అది వీడియో గేమ్ కిందకొస్తుంది, కుదరదు.

అంటే 2000లో నాలుగో మెట్టు దగ్గరున్న గీత 2023కి ఐదో మెట్టు దగ్గరికి జరిగింది. సడలించినట్టే కదా అనిపిస్తుంది. కానీ ప్రోగ్రామర్ బుర్రతో ఆలోచించండి. "ఊహ బదులు యానిమేషన్" అన్నది ఏ కోడ్‌లో రాస్తారు? బొమ్మ కాస్త ఊగితే యానిమేషనా? వెలుతురు మారితే? గోడ వెనకాల ఉన్నది కనపడకుండా చీకటి చేస్తే? మా ఇంట్లో బల్ల మీద అదీ జరగదు మరి. గీత ఎక్కడుందో గీసినవాళ్ళకే తెలియకపోతే, చిన్న డెవలపర్ భయంతో అసలు ఆ పక్కకే పోడు. నష్టం అక్కడుంది.

విజార్డ్స్ సర్వే పెట్టింది. 15,000 మందికి పైగా జవాబిచ్చారు. వర్చువల్ టేబుల్‌టాప్ పాలసీ మాకు నచ్చలేదన్నవాళ్ళు 86 శాతం. జనవరి 27న కంపెనీ దిగొచ్చింది. పాత ఓజీఎల్‌ని ముట్టుకోం అని చెప్పి, ఐదో ఎడిషన్ ఎస్ఆర్‌డీ మొత్తాన్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద పెట్టేసింది. అది ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరని లైసెన్స్.

మరి చట్టం ఏమంటుంది? మన దేశంలో జరిగిందే చూడండి

ఆట ఆడే పద్ధతి మీద కాపీరైట్ రాదు. దాన్ని వివరించిన వాక్యాల మీద, బొమ్మల మీద వస్తుంది. పేరు మీద ట్రేడ్‌మార్క్ ఉంటుంది. అష్టాచెమ్మా చూడండి. గవ్వలతో ఆడండి, చింతగింజలతో ఆడండి, యాప్ చేయండి, అడిగేవాడు లేడు. పులిజూదానికీ అంతే. వాటికి పబ్లిషరే లేడు. పబ్లిషర్ ఉన్న ఆట అయితే?

కోల్‌కతాకి చెందిన రజత్, జయంత్ అగర్వాలా అనే అన్నదమ్ములు స్క్రాబులస్ అని ఒక ఆన్‌లైన్ ఆట చేశారు. స్క్రాబుల్ లాంటిదే. పదం పేరిస్తే పాయింట్లు అదే లెక్కేస్తుంది. ఫేస్‌బుక్‌లో పిచ్చ పాపులర్ అయింది. అమెరికా, కెనడాల్లో స్క్రాబుల్ హక్కులు హాస్‌బ్రోవి, మిగతా ప్రపంచంలో మాటెల్‌వి. అవును, డీ అండ్ డీ ఓనర్ హాస్‌బ్రోనే. 2008లో హాస్‌బ్రో న్యూయార్క్‌లో కేసు వేసింది, అమెరికాలో ఆట ఆగిపోయింది. తర్వాత రాజీ కుదిరి కేసు వెనక్కి తీసుకున్నారు. మాటెల్ ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళింది. 2008 సెప్టెంబర్‌లో ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వులో కోర్టు, బోర్డు మీద, రూల్స్ మీద కాపీరైట్ వాదన ఒప్పుకోలేదు. కానీ "స్క్రాబులస్" అన్న పేరు మాత్రం వాడొద్దంది. ఆ ఆట లెక్సులస్ అనే పేరుతో బతికింది.

చూశారా? లెక్క వేసే కోడ్ బతికింది, పేరు పోయింది.

మరైతే విజార్డ్స్ ఆటోమేషన్‌ని ఎలా ఆపగలదు? ఒప్పందంతో. లైసెన్స్ అంటే బేరం. "నా వాక్యాలు, నా పేర్లు వాడుకో, బదులుగా నేను వద్దన్నది చేయకు." లెక్క మీద హక్కు లేకపోయినా, మీరే సంతకం పెట్టి చేయనని మాటిచ్చారన్నమాట. కోర్టులో నేను గెలుస్తానేమో అనుకోవచ్చు. గెలిచేదాకా లాయర్ ఫీజు ఎవరు కడతారు? పెనుమూడిలో కూర్చుని మాడ్యూల్ రాసేవాడు అమెరికా కంపెనీతో కోర్టులో నిలబడలేడు కదా.

కంపెనీ వైపు కూడా న్యాయంగా మాట్లాడుకుందాం. పుస్తకాలు అమ్ముకుని బతికే కంపెనీకి, మొత్తం పుస్తకాన్ని క్లిక్కుల్లో పెట్టిన యాప్ వస్తే పుస్తకం ఎవరు కొంటారన్న భయం ఉంటుంది. వీడియో గేమ్ హక్కులు వాళ్ళు విడిగా అమ్ముకుంటారు. బాల్డర్స్ గేట్ 3 అలా వచ్చిందే. కాకపోతే 2023లో వాళ్ళే సొంతంగా ఒక త్రీడీ టేబుల్‌టాప్ కట్టుకుంటున్నారు. పోటీదారుకి యానిమేషన్ వద్దని చెప్తూ తను అదే కడుతుంటే, "ఊహాశక్తిని కాపాడుతున్నాం" అన్న మాట ఎవరు నమ్ముతారు? ఆ త్రీడీ ప్రాజెక్ట్ సిగిల్ 2025 ఫిబ్రవరిలో బయటికొచ్చింది, నెల తిరిగేలోపు టీమ్‌లో ఎక్కువమందిని తీసేశారు. అదే విజార్డ్స్ 2024 నుంచి ఫౌండ్రీలో తన అడ్వెంచర్లు అధికారికంగా అమ్ముతోంది.

మీరు ఏదైనా కట్టే ముందు

మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఆటలకే కాదు, ఎవరి డేటా మీదైనా, ఏపీఐ మీదైనా యాప్ చేసేటప్పుడు పనికొస్తుంది.

ఒకటి, నేను లెక్కని తీసుకుంటున్నానా, వాక్యాన్ని తీసుకుంటున్నానా? పాచికకి ఐదు కలిపే కోడ్ వేరు, పుస్తకంలో పేరా కాపీ చేసి పెట్టడం వేరు. ఎస్ఆర్‌డీలో ఒక్కో క్లాస్‌కి ఒక్క సబ్‌క్లాసే ఉంటుంది. మిగతావి పుస్తకంలోనే ఉన్నాయి, వాటి టెక్స్ట్ ఫ్రీ కాదు.

రెండు, లైసెన్స్‌లో సాఫ్ట్‌వేర్ అన్న మాట ఎక్కడుంది? పుస్తకాలకిచ్చిన పర్మిషన్ యాప్‌కి వర్తిస్తుందని అనుకోవద్దు. చదవండి.

మూడు, వెనక్కి తీసుకోగలరా? పాత ఓజీఎల్‌లో "శాశ్వతం" అని ఉంది, "రద్దు చేయడం కుదరదు" అని లేదు. ఆ లేని మాట చుట్టూనే 2023 గొడవంతా తిరిగింది. ఇరవై మూడేళ్ళుగా ఆ లైసెన్స్ మీద కట్టుకున్నవాళ్ళందరి బతుకుతెరువు ఒక మాట మీద వేలాడింది.

ఇక మనకేంటి అంటారా? క్రియేటివ్ కామన్స్‌లో ఉంది కాబట్టి ఎస్ఆర్‌డీని తెలుగులోకి అనువదించుకోవచ్చు, తెలుగులో క్యారెక్టర్ షీట్ చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఎవరినీ అడగక్కర్లేదు. సోర్స్ ఎవరిదో వాళ్ళు చెప్పిన వాక్యంతో రాసి, మార్పులు చేశామని చెప్తే చాలు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన కొత్త ఎస్ఆర్‌డీ 5.2 కూడా ఇదే లైసెన్స్ కింద ఉంది. నేను షీట్‌తో మొదలుపెట్టా. "సేవింగ్ త్రో"కి తెలుగులో ఏ మాట పెడితే బాగుంటుందో ఇంకా తేలలేదు. డాలస్ వాడు "గండం" అంటున్నాడు, తెనాలి అమ్మాయికి అది నచ్చట్లేదు. మీకేదైనా మంచి మాట తోస్తే కింద రాసిపెట్టండి, వచ్చే ఎపిసోడ్‌లో షీట్ చూపిస్తా. ఉంటా మరి.