చిత్రరేఖ మీద కేసు

మొన్న బి.ఏ. తరగతిలో ఉషా పరిణయం కథ చెబుతున్నాను. ఉష కలలో చూసిన అనిరుద్ధుణ్ణి, చెలికత్తె చిత్రరేఖ ద్వారకకు పోయి, నిద్రపోతున్నవాణ్ణి నిద్రపోతున్నట్టే శోణపురానికి ఎత్తుకొచ్చిందనేసరికి, ఒక అమ్మాయి లేచి, "మేష్టారూ! పరాయి రాజ్యంలో చొరబడి మనిషిని ఎత్తుకుపోవడం నేరం కాదాండీ? చిత్రరేఖను ఎవరూ ఏమీ అనలేదేం?" అని అడిగింది. తరగతి గొల్లున నవ్వింది. నేనూ నవ్వేశాను గాని, ఆ ప్రశ్న ఇంటిదాకా నా వెంట వచ్చింది.

నిజమే. కృష్ణుడు సేనలతో వెళ్లి బాణాసురుడి చేతులు నరికాడు. తగవు రాజుల మధ్య తీరింది. పని చేసిన మనిషి ఊసే లేదు. గూఢచారుల సంగతీ చాలాకాలం ఇంతే. 1960లో అర్జెంటీనాలో దాగిన నాజీ అధికారి ఐఖ్‌మన్‌ను ఇస్రాయేల్ గూఢచారులు ఎత్తుకుపోయారు. భద్రతా మండలిలో తీర్మానం జరిగింది, రెండు ప్రభుత్వాలూ రాజీపడ్డాయి, అక్కడితో సరి.

ఇటలీలోని మిలాన్ నగరంలో మాత్రం కథ ఇంకోలా నడిచింది.

2003 ఫిబ్రవరి 17. ఇటలీలో ఆశ్రయం పొందిన అబూ ఒమర్ అనే ఈజిప్టు ఇమాము పట్టపగలు మసీదుకు నడిచిపోతున్నాడు. ఒకతను ఆపి కాగితాలు చూపమన్నాడు. అంతలోనే వ్యానులోకి తోసేశారు. అవియానో విమాన స్థావరం, అక్కడినుంచి జర్మనీ, అక్కడినుంచి కైరో. జైల్లో చిత్రహింసలు పెట్టారని తరువాత ఆయన చెప్పాడు. 2004లో విడిచిపెట్టగానే భార్యకు ఫోను చేశాడు. ఆ మాటలు ఇటలీ పోలీసుల చెవిని పడ్డాయి. ఆయన్ను మళ్లీ జైల్లో వేశారు. బయటపడేసరికి 2007 వచ్చింది.

చిత్రమేమంటే, ఉగ్రవాద అనుమానంతో మిలాన్ పోలీసులే అప్పటికి ఆయన మీద కన్నేసి ఉన్నారు. ప్రాసిక్యూటర్ ఆర్మాండో స్పతారో 'పీడ విరగడైంది' అనుకుని ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. అనుమానితుణ్ణి పట్టుకోవడానికి కోర్టులున్నాయి. వీధిలోంచి ఎత్తుకుపోవడం అపహరణమే. ఆ వేళ ఆ వీధి చుట్టుపక్కల మోగిన సెల్‌ఫోన్ల లెక్కలు తీయించాడు. ఫోన్లు హోటళ్లకు దారి చూపాయి. హోటలు బిల్లులు మనుషుల్ని పట్టిచ్చాయి. ఇదంతా అమెరికా సి.ఐ.ఏ. వారి పని!

2009 నవంబరు 4న న్యాయమూర్తి ఆస్కార్ మాగీ, వారి పరోక్షంలోనే, 23 మంది అమెరికన్లకు శిక్ష వేశాడు. మిలాన్‌లో సి.ఐ.ఏ. పెద్ద రాబర్ట్ లేడీకి (పేరు లేడీ గాని మనిషి మగవాడే!) ఎనిమిదేళ్లు, మిగిలినవారికి అయిదేసి ఏళ్లు. 2012లో పై కోర్టు కూడా ఈ 23 మందీ దోషులేనన్నది.

మర్నాడు తరగతిలో ఇదంతా చెప్పాను. ఆ అమ్మాయి వెంటనే, "అయితే జైలుకు వెళ్లారాండీ?" అన్నది.

అక్కడే నోరు పెగల్లేదు. మిత్రదేశాన్ని నొప్పించడం ఇష్టంలేని ఇటలీ మంత్రులు, నిందితుల్ని అప్పగించమని అడగడానికే వెనుకాడారు. 2013లో లేడీ పనామాలో దొరికినా, ఇటలీకి రాకుండానే అమెరికా విమానం ఎక్కాడు. కొందరికి ఇటలీ అధ్యక్షులే క్షమాభిక్ష పెట్టారు. తమ దేశపు గూఢచారి శాఖ పెద్దను 'రాజ్య రహస్యం' అనే దుప్పటి కాపాడింది. 2016లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ఈ తీరును తప్పుపట్టి, ఆ భార్యాభర్తలకు పరిహారం ఇప్పించింది.

"మరి ఆ తీర్పు ఎందుకండీ?" అన్నది అమ్మాయి.

ఎందుకంటే, పై అధికారి ఆజ్ఞ అన్నంత మాత్రాన నేరం నేరం కాకుండా పోదని ఒక కోర్టు పేరుపేరునా రాసిపెట్టింది గనుక. శేషజీవితం ఇటలీలో గడుపుదామని కొనుక్కున్న ఇల్లు వదిలి లేడీ పారిపోవలసివచ్చింది. జైలు గోడలు లేకపోయినా, అదీ కొంత శిక్షే. ఇక అబూ ఒమర్ మీది అభియోగం? దాన్నీ ఆ మిలాన్ కోర్టే విచారించి, 2013లో ఆయనకు ఆరేళ్ల శిక్ష వేసింది. న్యాయం అంటే ఇరువైపులా అదే కొలత గదా!

అమ్మాయి కాసేపు ఆలోచించి, "అయితే మేష్టారూ, చిత్రరేఖ మీద కనీసం కేసైనా పెట్టాలండీ" అని కూర్చున్నది.

ఈసారి తరగతి నవ్వలేదు.