వాకిట్లో ఎర్ర చుక్కలు

తెల్లవారుజామున వాకిలి ఊడ్వబోయిన మా ఆవిడ, "ఏమండీ, కారు కింద ఎర్రగా ఏదో కారింది, ఒకసారి చూడండి" అని కేక వేసింది. వేలితో తాకి చూశాను. నీళ్లు కావు, జిడ్డు. మర్నాడే ఎనభై ఏళ్ల మా అమ్మను తిరుమలకు తీసుకువెళ్లాలి. 300 రూపాయల దర్శనం టిక్కెట్లు కూడా తీసుకుని ఉన్నాం.

హోసూరులో మా వీధి చివరి మెకానిక్ తొంగి చూసి, "కొంచెం ఆయిల్ పోసుకుని వెళ్లిరండి సార్, వచ్చాక చూద్దాం" అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకు ఎంతో హాయిగా వినిపించింది. అయినా మనసు ఒప్పక, పాతకాలపు మేస్త్రి ఒకాయన దగ్గరకు తీసుకువెళ్లాను. ఆయన ఇంజను నడిపించి, కింద పాత పేపరు పరిచాడు. కాసేపటికి దానిమీద ఎర్ర చుక్క పడింది.

మాది ఆటోమేటిక్ గేర్ల కారు. ఇలాంటి గేరుబాక్సులో నూనె మూడు పనులు చేస్తుంది: ఒత్తిడితో గేర్లు మారుస్తుంది, అరుగుదల తగ్గిస్తుంది, వేడిని మోసుకుపోతుంది. వేడి నూనె ఒక గొట్టంలో రేడియేటరు దగ్గరున్న కూలరుకు వెళ్లి, చల్లబడి, రెండో గొట్టంలో తిరిగి వస్తుంది. ఇనుప గొట్టానికి రబ్బరు గొట్టం బిగించిన చోట, ఏళ్ల తరబడి వేడికి రబ్బరు గట్టిపడి, నూనె ఊరడం మొదలవుతుంది.

"కొండ ఎక్కేటప్పుడు నూనె బాగా వేడెక్కుతుంది సార్. అప్పుడు గొట్టం ఊడిందా, లోపలి క్లచ్‌లు జారి కాలిపోతాయి" అన్నాడు మేస్త్రి. గొట్టాల ఖర్చు వేలల్లో తేలుతుంది. గేరుబాక్సు పోతే లక్షల మాట. బ్యాంకులో ఇన్నేళ్లు లెక్కలు చూసిన నాకు అంతకు మించి వివరణ అక్కర్లేకపోయింది.

అమ్మకు చెప్పడానికే మొహం చెల్లలేదు. విని, "స్వామి ఎక్కడికీ పోడు గాని, ముందు బండి బాగు చేయించు నాయనా" అంది.

కారిన ముక్క కోసి మామూలు నీళ్ల గొట్టం తగిలిస్తామంటే ఒప్పుకోకండి. ఆ నూనెకు, ఆ వేడికి తగిన గొట్టాలే కావాలి. మేస్త్రి రెండు గొట్టాలూ మార్చాడు. కూలరు వైపు నట్టు మెలిపడకుండా ఒక స్పానరుతో పట్టుకుని, రెండో స్పానరుతో విప్పాడు. దుమ్ము పోకుండా తెరిచిన మూతులు మూశాడు. కొత్త వాషర్లు వేశాడు. కారుతో వచ్చిన పుస్తకంలో చెప్పిన రకం నూనే పోసి, ఇంజను వేడెక్కాక సమతలం మీద మట్టం చూశాడు. కొన్ని కార్లకు మట్టం చూసే పుల్ల ఉండదు. వాటిని వర్క్‌షాపులోనే చూపించుకోవాలి.

ఇంకొక మాట. 2014లో సెలేరియోతో మన దేశంలో వాడుకలోకి వచ్చిన ఏఎంటీ గేరుబాక్సుకు ఈ కూలరు గొట్టాలు ఉండవు. మీ కారు ఏ రకమో ముందు తెలుసుకోండి. ఏసీ నుంచి కారే నీళ్లకు రంగూ జిడ్డూ ఉండవు. రేడియేటరు నీళ్లు ఎర్రగా ఉన్నా నూనెలా జిడ్డుగా ఉండవు.

టిక్కెట్లు వృథా అయ్యాయి. తరువాతి నెలలో మళ్లీ తీసుకుని వెళ్లాం. ఘాట్ రోడ్డు మలుపుల్లో అమ్మ నిశ్చింతగా నిద్రపోయింది. కొండ మీద కారు ఆపగానే నేను మాత్రం కింద పేపరు పరిచి చూశాను. పొడిగానే ఉంది.